ఒకే అంకె అందరికీ సరిపోదు



ముందుగా నా తప్పు చెబుతాను. మన బడిలో ఒక బాబును తూచాను. ఎనిమిదేళ్లవాడు. బరువు 25 కిలోలు. ఎత్తు 1.25 మీటర్లు.

బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 25ను 1.25తో భాగిస్తే 20. ఆ 20ని మళ్లీ 1.25తో భాగిస్తే 16. దీన్నే బి.ఎం.ఐ. అంటారు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క ఇది.

పెద్దవాళ్లకు 18.5 కంటే తగ్గితే బరువు చాలదంటారు. నా తలలో ఆ అంకే ఉంది. "మీవాడు బక్కగా ఉన్నాడమ్మా" అనేశాను. ఆ తల్లి రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే అప్పు చేసి టానిక్కు సీసా తెచ్చింది.

నర్సమ్మ నన్ను కోప్పడింది. "పిల్లలకు పెద్దల కొలత పెడతావా టీచరమ్మా?" అంది. పట్టిక తీసి చూపింది. ఎనిమిదేళ్ల మగపిల్లాడికి 16 మంచి అంకే!

ఎదిగేకొద్దీ ఈ అంకె మారుతుంది. ఐదేళ్ల పాపకు 15 ఉంటే బాగున్నట్టే. పదిహేనేళ్ల పిల్లకు అదే 15 ఉంటే బక్కచిక్కినట్టు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వాళ్లకు వయసువారీ పట్టికలు ఇచ్చింది. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు.

అంకె తేడాగా ఉంటే పిల్లల్ని వెక్కిరించకండి. ఆసుపత్రిలో చూపించండి. అంకె రోగం కాదు, ఒక గుర్తు మాత్రమే.

ఆ తల్లి దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు మీకూ చదువు, లెక్క వచ్చు. ఎవరైనా అంకె చెబితే "ఏ వయసు పట్టిక చూశారు?" అని అడగండి. నన్నయినా సరే!