ఏకమనస్కత: ఒంగోలు తొలితరము ఉపదేశుల స్మారకోపన్యాసము



ఒంగోలు సీమయందు కాలినడకన ఊరూర తిరిగి, చెట్లనీడలను పల్లెల నడిబొడ్డులను సువార్త చెప్పి, తమ పేరు ఏ రాతిమీదను చెక్కించుకొనకయే మట్టిలో కలిసిపోయిన తొలితరము ఉపదేశుల స్మృత్యర్థము కూడిన ఈ సభలో ప్రసంగింపుమని మీరు నన్ను పిలిచితిరి. వారి గుణగణములను వర్ణించుటకంటె, వారు ఏ గుణమునకై శ్రమపడిరో దాని చరిత్రను మీ యెదుట పెట్టుట వారికి తగిన నివాళి యని తలంచి, క్రైస్తవ జీవితమునందు ఏకమనస్కతకును ద్విమనస్కతకును తొలినాటినుండి జరుగుచున్న పోరాటమును నేటి ప్రసంగవిషయముగా గ్రహించితిని.

ద్విమనస్కత యనగానే మనలో పెక్కురు అది సంశయమని భావింతురు. సంశయము వేరు. సంశయించువాడు వెదకుచున్నవాడు, గాయములు చూచినగాని నమ్మనన్న తోమాను ప్రభువు త్రోసివేయలేదు. ద్విమనస్కునకు వెదకులాట లేదు. రెండు వాకిళ్ళును వానికి తెలియును, రెంటను వానికి రాబడి కలదు, ఏ వాకిలి మూతపడినను నష్టమగునని ఎరిగి రెంటిని తెరచి యుంచుటయే వాని జీవితనీతి. ఈ దోషమును పేరుపెట్టి గద్దించిన యాకోబు పత్రికయే, బంగారు ఉంగరము పెట్టుకొని సమాజమందిరములోనికి వచ్చినవానికి మంచి పీఠము చూపి, మాసిన బట్టలవానిని అక్కడ నిలువుమనునట్టి సంఘమును కూడ గద్దించినది. ఈ రెండు గద్దింపులును ఒకే పత్రికలో నుండుట యాదృచ్ఛికమని నేను తలంపను. మనస్సు రెండుగా చీలినదని తెలిసికొనుటకు హృదయమును కోసి చూడనక్కరలేదు; ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టితిమో చూచిన చాలును.

రెండవ శతాబ్దమున రోమునగరమున హెర్మాసు అను ఒక క్రైస్తవుడు, తాను ఒకప్పుడు దాసుడై అమ్ముడుపోయినవాడు, 'కాపరి' యను గ్రంథమును వ్రాసెను. ఆదిసంఘమునందు ద్విమనస్కతనుగూర్చి ఇంత పట్టుదలతో వ్రాసినవాడు మరియొకడు కనబడడు. ఆయన దర్శనములో సంఘము కట్టబడుచున్న గోపురము. దాని ప్రక్కన తెల్లని, అందమైన, గుండ్రని రాళ్ళు పడియున్నవి. అవి విశ్వాసము కలిగియు ధనము విడువలేని వారు. వాని గుండ్రదనమును చెక్కివేసినగాని అవి గోడలో ఇముడవు. విశ్వాసము లేదని కాక, విశ్వాసముతోపాటు మరియొకటి కూడ నున్నదని ఆ రాళ్ళు ప్రక్కన పెట్టబడెను.

ఈ చీలికను రాజ్యమే వీధిలోనికి లాగిన దినము క్రీ. శ. 250 లో వచ్చెను. డెసియస్ చక్రవర్తి, తన ప్రజలు దేవతలకు బలియిచ్చి, పానార్పణము చేసి, బలిపదార్థమును రుచిచూచి, అట్లు చేసినట్లు అధికారులచేత ధ్రువపత్రము పొందవలెనని ఆజ్ఞాపించెను. అట్టి పత్రములు నలువదికి పైగా ఈజిప్టు ఇసుకనుండి బయల్పడినవి. వానిలో మొట్టమొదట, 1893లో, ప్రకటింపబడిన పపైరసు పత్రమును గూర్చి చదివినపుడెల్ల నా మనస్సు నిలిచిపోవును. అది 250వ సంవత్సరము జూన్ 26 నాటిది. అర్జీదారు సతబూసు కుమారుడైన ఔరేలియస్ డయోజెనీసు, అలెగ్జాండరు ద్వీపమను పల్లెవాడు, వయస్సు 72, గుర్తు, కుడి కనుబొమ్మమీద గాయపు మచ్చ. తాను ఎల్లప్పుడును దేవతలకు బలులిచ్చుచునే యున్నాననియు, ఇప్పుడును అధికారుల యెదుట ఇచ్చితిననియు ఆ వృద్ధుడు విన్నవించుకొనినాడు. క్రింద సాక్షి వ్రాలు కలదు. వాడు క్రైస్తవుడో కాడో పత్రము చెప్పదు. ఆజ్ఞ క్రైస్తవులకు మాత్రమే పరిమితమైనది కాదు. అయినను, కనుబొమ్మమీది మచ్చవరకు ఎక్కించుకొనిన ఆ ప్రభుత్వము, ఒక మనిషి నిజముగా ఎవరిని ఆరాధించునో తెలిసికొనుటకు ఆ కాగితము తప్ప మరియే సాధనమును కోరలేదు.

కార్తేజి నగరమున క్రైస్తవులు గుంపులు గుంపులుగా బలిపీఠముల యొద్దకు పోయిరి. కొందరు బలియిచ్చిరి; కొందరు చిటికెడు ధూపము వేసిరి; మరికొందరు ఈ రెండును చేయక, అధికారికి లంచమిచ్చి పత్రమును మాత్రము కొనుక్కొనిరి. ఈ మూడవ తెగవారి వాదము వినదగినది: మా చేయి అపవిత్రము కాలేదు, మా నోరు రుచిచూడలేదు, మేము కొనినది కాగితమే గదా యని వారనిరి. ద్విమనస్కతకు ఇంతకంటె స్పష్టమైన స్వరూపము చరిత్రలో నాకు కనబడలేదు. పొట్టకొరకును ప్రాణముకొరకును ఒక పేరు కాగితముమీద, ఆత్మకొరకు మరియొక పేరు గుండెలో. అయితే ఆ నగరపు బిషప్పు సిప్రియను వారిని ఎట్లు చూచెనన్నది అంతకంటె ముఖ్యము. ఇట్లు తప్పిపోయిన పతితులను సంఘములో తిరిగి చేర్చుకొననే కూడదని రోములో నొవేషియను అను పెద్ద పట్టుపట్టెను; చెరసాలలో శ్రమపడిన కొందరు విశ్వాసవీరులు, విచారణయే లేక, అడిగినవారికెల్ల క్షమాపత్రములు పంచిపెట్టిరి. సిప్రియను ఈ రెండు మార్గములను విడిచి, 251 లో కూడిన సభలో, పత్రము కొనినవారి సంగతిని ఒక్కొక్కరిదిగా విచారించి, పశ్చాత్తాపము చూచి, చేర్చుకొనవలెనను నిర్ణయమునకు తోడ్పడెను. హింసాదినములలో తాను అజ్ఞాతవాసము చేసెనను నింద ఆయనమీద నుండెను. ఎనిమిదేండ్లకు, 258 సెప్టెంబరు 14న, రెండవమారు హింస వచ్చినపుడు ఆయన పారిపోలేదు. న్యాయాధిపతి తీర్పు చదివినపుడు దేవునికి వందనమనెను. తన తల నరుకబోవు తలారికి ఇరువదియైదు బంగారు నాణెములిమ్మని తనవారికి చెప్పెను. పతితులను విచారించి చేర్చుకొనిన చేయియే తలారికిని దానమిచ్చినది. ఆయన దయయు ఆయన దృఢత్వమును ఒకే మనస్సునుండి వచ్చినవి గనుకనే కార్తేజి ఆయనను మరువలేదు.

క్రైస్తవులకు ఆరాధనాస్వేచ్ఛ లభించిన 313 తరువాత లాభము ఇటువైపునకు మరలెను. అపాయమునకు జంకి రెండు పేర్లు పెట్టుకొనిన కాలము పోయి, పదవికై క్రీస్తు పేరు పెట్టుకొను కాలము వచ్చెను. 386 లో మిలాను తోటలో అగస్టీను ఒకే చిత్తము తనతో తానే పోరాడుటను అనుభవించి, ఆ పోరాటమును తన 'ఒప్పుకోలు'లో దాచక వ్రాసెను. పద్దెనిమిదవ శతాబ్దములో జాన్ న్యూటను చరిత్ర ఇంకను బాధాకరము: 1748లో సముద్రపు తుపానులో దేవునికి మొరపెట్టినవాడే, ఆ తరువాత 1754 వరకు బానిసల ఓడలమీద పని విడువలేదు, ఓడమీద ప్రార్థనలు జరిపినవాడు క్రింది అరలో సంకెళ్ళతో పడియున్నవారిని తన సరకుగా నెంచెను. ఆ వర్తకమునకు విరుద్ధముగా తన నేరమును ఒప్పుకొనుచు ఆయన పుస్తకము ప్రకటించినది 1788 లో. మారుమనస్సు ఒక రాత్రిలో కలుగవచ్చును. మనస్సు ఒకటి యగుటకు న్యూటనునకు నలువదియేండ్లు పట్టినది.

ఇప్పుడు మన సీమకు వత్తము. 1866 సెప్టెంబరులో మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర భార్యతో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘము స్థాపితమయ్యెను. పట్టణములోని బ్రాహ్మణులును కోమట్లును ఆయనను ఆదరించిరి, తమ పిల్లలను ఆయన బడికి పంపిరి. అంతలో తాళ్ళకొండపాడునుండి ఎర్రగుంట్ల పేరయ్య తనవారితో వచ్చెను. ఆయన మాదిగ కులస్థుడు. తోళ్ళ బేరమునకై ఉత్తరపు ఊళ్ళు తిరిగినవాడు. అంతకు పూర్వము రాజయోగసాధన చేసి సత్యమునకై తపించినవాడు. వీరిని చేర్చుకొనినచో మా పిల్లలను మాన్పింతుమని పట్టణపు పెద్దలు చెప్పిరి. ఒకవైపు పలుకుబడి, బడి, గౌరవము. మరియొకవైపు దుమ్ములో నడచివచ్చిన పేదలు. ఆ రాత్రి దొరయు దొరసానియు, ఒకరికి తెలియకుండ ఒకరు, కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగమును, అనగా జ్ఞానులను గొప్పవారిని కాక లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమును, తెరచిరని చెప్పుదురు. పేరయ్య వారు చేర్చుకొనబడిరి. బడి ఖాళీ యయ్యెను. యాకోబు అడిగిన ప్రశ్నకు ఒంగోలు ఇచ్చిన తొలి జవాబు అది.

రెండవ పరీక్ష ధాతకరువునాడు వచ్చెను. 1876లో వానలు పోయి, 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన ఆ క్షామములో ప్రభుత్వము బకింగ్‌హాం కాలువను పొడిగించుటకు కరువుపనులు పెట్టెను. యౌవనమున అమెరికాలో భూముల కొలతపని నేర్చిన క్లౌ మూడున్నర మైళ్ళ భాగమును కంట్రాక్టుకు తీసికొని, తన ఉపదేశులను మేస్త్రీలుగా నియమించెను. మగవారు గడ్డపారలతో త్రవ్వగా, స్త్రీలును పిల్లలును గంపలతో మన్ను మోసి గట్టున పోయగా, కూలి కొలత ప్రకారము చేతికి ముట్టెను. అలసి కూర్చున్నవారి మధ్య ఉపదేశి కూర్చుండి ప్రభువు మాటలు చెప్పెను. వినినవారు బాప్తిస్మమడిగిరి, ఊళ్ళకు ఊళ్ళే అడిగెను. క్లౌ ఇయ్యలేదు. పదునైదు నెలలు ఇయ్యలేదు.

ఈ నిరాకరణమును గూర్చి ఒకింత నిలిచి ఆలోచింతము. మిషను నివేదికలకు సంఖ్యలు ప్రాణము. విదేశములోని దాతలు సంఖ్యలను చూచి సంతోషింతురు. అడుగుచున్నవారు వేలు, కాదనుటకు లోకరీతిని ఏ కారణమును లేదు. కాని కూలియిచ్చు చేయియు బాప్తిస్మమిచ్చు చేయియు ఒకటే యైనపుడు, ఆ పేదవాడు దేనికై వచ్చెనో వానికే తెలియకపోవచ్చును. ఎదుటివాని మనస్సును రెండుగా చీల్చు శక్తి తన చేతిలో నున్నదని క్లౌ ఎరిగెను. దానిని వాడుకొననని నిశ్చయించుకొనెను. ద్విమనస్కతనుగూర్చి మనము ఎప్పుడును నమ్మినవానినే నిలదీయుదుము. నమ్మించువాడు వానిని ఏ స్థితిలో నిలిపెనని అడుగువారు అరుదు.

కరువు తగ్గి, కూలి ముగిసి, ఇక ఇచ్చుటకు పైకము లేదని తెలిసిన పిమ్మటను వారు వచ్చిరి. 1878 జులై 2, 3, 4 తేదీలలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద, 614, 2,222, 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో 3,536. నడుమ దినమున నీటిలో నిలిచినవారు తెలుగు ఉపదేశులు ఆరుగురు. ఇద్దరిద్దరుగా, వంతులవారీగా, ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు. గుమాస్తాలు ఒడ్డున పేర్లు చదివిరి. ఉపదేశులు తాము ఊరూర ఎరిగినవారిని, ప్రశ్నించి నిర్ధారించుకొనినవారినే నీటిలోనికి తోడ్కొనిపోయిరి. వీరిని కూటి క్రైస్తవులని హేళనచేసినవారు నాడును కలరు, నేడును కలరు. కూడు దొరకిన దినములలో నిరాకరింపబడి, కూడు లేని దినమున వచ్చినవారికి ఆ పేరు చెల్లదు.

అయితే ఆ వెలుగును చెప్పి ఊరకుండుట నాకు న్యాయము కాదు. దక్షిణదేశపు సంఘములు కులమును వాకిటనే విడిచి రాలేదు. తరంగంబాడి, తంజావూరు సంఘములలో కులమునుబట్టి వేరు వేరు కూర్చుండుచోట్లుండెను. 1833 లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సను కులభేదమును తక్షణమే సంపూర్ణముగా విడువవలెనని వ్రాయగా, విడువలేక సంఘమునే విడిచినవారు కలరు. మన ఆంధ్రదేశములోను ఎన్నో ఊళ్ళలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. పెండ్లి సంబంధముల వేళ కులము, సమాధుల యొద్ద కులము. పేరయ్యను చేర్చుకొనుటకు బడిని పోగొట్టుకొనిన సంఘపు బిడ్డలకు ఇది తగునా?

ఇక నేటి ధ్రువపత్రము సంగతి. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు మూడవ పేరా హిందూ మతస్థులకే ఆ హోదా కలదనెను. 1956 లో సిక్కులు, 1990 లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు బయటనే యుండిరి. ఆంధ్రప్రదేశమున ఆ కులములనుండి వచ్చిన క్రైస్తవులకు బి.సి.-సి వర్గమున నూటికి ఒక వంతు రిజర్వేషను మాత్రము లభించినది. కావుననే బాప్తిస్మపు రిజిష్టరులో ఒక పేరు, తహశీలుదారు పత్రములో మరియొక మతము పెట్టుకొని, లోలోపల నలుగుచున్న కుటుంబములు మన గుళ్ళలో ఎన్నో కలవు. మద్రాసులో రోడ్డుప్రక్కన చెప్పులు కుట్టుకొను సూసై అను క్రైస్తవుడు, తోటి చెప్పులు కుట్టువారికి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చిన బంకు తనకు మతమునుబట్టి లేకపోయెనని న్యాయస్థానమున మొరపెట్టుకొనెను. 1985లో సర్వోన్నత న్యాయస్థానము ఆయన అర్జీని త్రోసిపుచ్చెను. మతమార్పు తరువాతను ఆ వెనుకబాటు అట్లే నిలిచినదని నిరూపించు ఆధారములు చాలలేదనెను. ఆ చెప్పులు కుట్టువాడు తన పేరును ఒక్కటిగానే ఉంచుకొనెను, బంకు పోయెను. కార్తేజిలో పత్రము కొనినవారు డబ్బిచ్చి తప్పించుకొనిన మూల్యమును ఈతడు చెల్లించెను.

రెండు పేర్ల కుటుంబములపై వేదికలెక్కి గద్దించు బోధకులను నేను వినియున్నాను. వారి మాట తప్పని అనను. పేరు దాచుట ఆత్మకు గాయమే. కాని ఆ గద్దింపువలన తాము ఒక్క కాసును నష్టపోనివారు గద్దించుట, సిప్రియను మార్గము కాదు. ఒక్కొక్కరి సంగతి విచారించుడు. ఎవరి ఆకలి ఎంతయో కనుగొనుడు. బిడ్డల ఫీజులకై కాగితము తీసికొనిన తండ్రిని బల్లయొద్దనుండి త్రోసివేయుటకు ముందు, కులము చూచి వియ్యమందిన పెద్దను అదే బల్లయొద్ద ప్రశ్నింపుడు.

సంఘపెద్దలకు నా విన్నపము: మీ ఊరిలో రెండు గుళ్ళున్నచో, వచ్చు నెల ప్రభురాత్రి భోజనమును ఒక్క గుడిలో, ఒక్క పాత్రనుండి ఆచరింపుడు. సమాధుల దొడ్డిలో గోడ యున్నచో పడగొట్టుడు. మూడవ పేరాను తొలగింపవలెనని మీ సంఘముల తీర్మానములను ప్రభుత్వమునకు పంపుడు. ఆ పేరా యున్నంతవరకు సూసైవలె నష్టమునకు సిద్ధపడి ఒక్క పేరుతో నిలువదలచిన కుటుంబముల బిడ్డల చదువు ఖర్చును సంఘనిధినుండి భరింపుడు. ఈ పనులలో ఒక్కదానినైనను ఈ సంవత్సరము ముగియులోగా మొదలుపెట్టుడని మిమ్ము చేతులు జోడించి వేడుకొనుచున్నాను.