జామీను నిలిచేదెవరు?



క్రిమినల్ కోర్టు ప్రజలందరికీ తెరిచి ఉండాలని చట్టమే చెబుతోంది. అయినా కేసు లేనివారు ఆ గడప తొక్కరాదన్న భావం మన కుటుంబాలలో బలంగా ఉంది. ఇటీవల నేను మన పట్టణంలోని మేజిస్ట్రేటు కోర్టులో ఉదయం నుండి సాయంత్రం వరకు వెనుక బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ గమనించిన విషయాలను మీ ముందుంచుతాను.

పదిన్నరకు పిలుపులు మొదలయ్యాయి. బంట్రోతు వరండాలోకి వచ్చి ఒక్కొక్క పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికితే వాయిదా, పలకకపోతే వారంటు. టీ త్రాగడానికి వెళ్లిన ఒక ముద్దాయి తిరిగి వచ్చేలోపు అతని పేరు దాటిపోయింది. వకీలు చేత అర్జీ పెట్టించి ఆ వారంటును రద్దు చేయించుకునేసరికి అతని ఆనాటి కూలి పోయింది.

భోజన విరామం తరువాత ఇరవై ఏళ్ల యువకుణ్ణి రిమాండుకు తెచ్చారు. పోలీసులు కొట్టారా, వకీలు ఉన్నారా అని మేజిస్ట్రేటు అడిగారు. రెండింటికీ అతడు తల ఊపాడు. వారు మరల నెమ్మదిగా అడిగితే, వకీలు లేరన్నాడు. వెంటనే న్యాయసహాయ వకీలును నియమించారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయసహాయం హక్కు. ఏ మతం, ఎంత ఆదాయం అన్న ప్రశ్న లేదు.

అన్నిటికన్నా నన్ను కలచినది వరండాలో నిలబడిన ఒక తల్లి. ఆమె కుమారునికి బెయిలు మంజూరై పది రోజులైంది. ఇద్దరు జామీనుదారులు దొరకక అతడింకా జైలులోనే ఉన్నాడు. బంధువులందరూ అద్దె ఇళ్లవారే. ఇంటిపన్ను రసీదు ఎవరి వద్దా లేదు. సొంత ఇల్లున్నవారు భయపడి తప్పుకున్నారు.

ఈ భయాన్ని మనం తొలగించాలి. జామీను నిలవడమంటే నేరాన్ని సమర్థించడం కాదు. ముద్దాయి వాయిదాలకు హాజరవుతాడని పూచీ పడటం మాత్రమే. అతడు రాకపోతే బాండులో వ్రాసిన మొత్తానికి బాధ్యత వస్తుంది. కనుక మనిషిని తెలిసి నిలవాలి, కాని తెలిసిన మనిషిని విడిచిపెట్టరాదు.

1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసులో, సోదరుని ఆస్తి మరొక జిల్లాలో ఉందన్న కారణంతో అతని జామీనును క్రింది కోర్టు నిరాకరించింది. సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై మోతీరామ్‌ను విడుదల చేయించింది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంటు ఆ విషయాన్ని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని 2023లో అదే న్యాయస్థానం ఆదేశించింది. ఈ సంగతి ఆ తల్లికి చెప్పేవారు లేరు.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి మొహల్లాలో జామీను నిలవగల పది ఇళ్లవారి జాబితా సిద్ధం చేయండి. ఇదివరకు ఎందరికి పూచీ పడినదీ జామీనుదారు కోర్టుకు ప్రకటించవలసి ఉంటుంది గనుక, భారమంతా ఒకరిద్దరిపై వేయకండి. చదువుకున్న యువకులిద్దరు వారానికొక రోజు కోర్టు వరండాలో ఉండండి. న్యాయసహాయపు ఫోను నంబరు 15100ను ప్రతి ఇంటికీ చేర్చండి. వచ్చినవారు ఏ మతస్థులని అడగకండి. ఆ వరండాలో నిలబడిన తల్లులందరి కష్టమూ ఒక్కటే.