మా భుజము – మూడు శస్త్రచికిత్సలు
(పాఠశాల తల్లిదండ్రుల దినమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో ఏటేట మేము పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరు పట్టీలను గూర్చియు మాటలాడుట వాడుక. ఈసారి సంఘ కార్యదర్శిగారు వేరొక విషయము నిర్ణయించిరి. మా కుడి భుజమునకు 2017లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరియొకసారి శస్త్రచికిత్స జరిగిన సంగతి మీకందరకు తెలిసినదే. మూడవ పర్యాయము తరువాత బాలికల బాల్ బ్యాడ్మింటన్ జట్టు నుండి నలుగురు పిల్లలను ఇంటివారు మాన్పించిరి. "హెడ్మాస్టరుగారి చేయి చూచితిమి గదా, మా పిల్లకు ఆ గతి వద్దు" అని ఒక తల్లి మా యెదుటనే చెప్పినది. ఆమె మాట న్యాయమైనది. గుమ్మము వద్ద నిలుచుండి రెండు మాటలలో దానికి ఉత్తరము చెప్పుటకు వీలు గాదు. కనుక ఇచట చెప్పుచున్నాము.

మొదట భుజము సంగతి. దేహములోని కీళ్లన్నిటిలోను మిక్కిలి స్వేచ్ఛగా తిరుగునది ఇదియే. తుంటి వద్ద ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుండును. భుజములో గిన్నె లేదు. చిన్న పళ్లెములో పెద్ద నిమ్మపండు నిలిపినట్లుండును. ఆ పండు జారిపోకుండ నాలుగు కండరములు చుట్టును చేరి పట్టుకొనియుండును. వీనికి వైద్యులు రొటేటర్ కఫ్ అని పేరు పెట్టిరి. కండరము ఎముకను అంటుకొను చోట నుండు గట్టి పట్టీకి టెండన్ అని పేరు. మన పాఠ్యపుస్తకములు దానిని స్నాయుబంధనము అనును. మన ఇండ్లలో మాత్రము అంతయు "నరము" క్రింద జమ. నరము వేరు, ఇది వేరు. ఈ తికమక వలననే చాలమంది నరము పట్టినదని నూనెలు తోమించుకొనుచు మాసములు గడుపుదురు.

ఆ నాలుగింటిలో పైన నుండు పట్టీ ఒక ఎముక కప్పు క్రింద నుండి వచ్చును. చేయి పైకెత్తినప్పుడెల్ల దానికి పని. చేదత్రాడు గిలక వద్దనే ముందుగా అరుగును గదా, అట్లే వయస్సుతో ఈ పట్టీ పీచుపీచుగా అరుగును. ఒకనాడు తెగును. పుట్టి బుద్ధెరిగి బ్యాటు పట్టనివారికిని ఇది తెగుచున్నది. అరువది దాటినవారిలో కొందరికి తెగిన సంగతియే తెలియదు, నొప్పియు ఉండదు. గోడలకు సున్నము వేయువారికి, తలపై గంపలు ఎత్తి దింపువారికి ఈ బాధ బాగుగ తెలియును. మన హోసూరు ప్రాంతమున గులాబీ తోటల పని చేయు పోషకులు ఇచట కూర్చుండియున్నారు. వారిలో చేయి పైకెత్తలేనివారు మేము ఎరిగినంతలోనే కొందరు గలరు. వారెవ్వరును ఆటగాండ్రు కారు.

అయినను ఆటకు దీనితో సంబంధమే లేదని మేము చెప్పబోము. బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టిన ఆట. పసుపుపచ్చని ఉన్నిబంతి, జట్టునకు ఐదుగురు, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు గల ఆటస్థలము. ఈకలబంతి ఆటకు గాలి లేని గది కావలెను. దీనికి నేల చాలును. మన పల్లెలలోను, పాఠశాలలలోను ఇది నిలిచినది అందువలననే. ఇందులో సర్వీసు నడుము క్రింది నుండి కొట్టవలెను గాని, వెనుక వరుసలో నిలుచువాడు బంతిని తలమీది నుండియే మాటిమాటికి కొట్టవలసియుండును. మేము ముప్పది యేండ్లు వెనుక వరుసలో ఆడితిమి. ఆ దెబ్బలన్నియు ఆ పట్టీ మీదనే పడినవి. కాని ఇదే ఆటకు 1970లో అర్జున పురస్కారమందిన వరంగల్లు పిచ్చయ్యగారు నూరేండ్లు దాటి బ్రదికి 2021లో స్వర్గస్థులైరి. ఒకరి దేహము చూపి ఇంకొకరి దేహమునకు తీర్పు చెప్పరాదు.

ఇక శస్త్రచికిత్సలు. మా 49వ యేట ఒక తెల్లవారుజామున బంతి కొట్టుచుండగా భుజములో గుడ్డ చిరిగినట్లయ్యెను. మరునాడు నల్లబల్లపై తేదీ వ్రాయుటకు చేయి లేవలేదు. ఇంటి పెద్దలు పుత్తూరు కట్టు కట్టించుమనిరి. పుత్తూరు వారి కట్టుపై మాకు గౌరవము కలదు. కాని విరిగిన ఎముకకు కట్టు పనిచేయును గాని, ఎముకనుండి ఊడిన పట్టీ కట్టుతో తిరిగి అంటుకొనదు. బెంగళూరులో ఎం.ఆర్.ఐ. తీయించితిమి. పైపట్టీ పూర్తిగా ఊడినదని తేలెను.

ఈ వైద్యమునకు చిన్న చరిత్ర కలదు. బోస్టను నగరమున కాడ్‌మన్ అను వైద్యుడు ఈ పట్టీ తెగుటను గూర్చి జీవితమంతయు శ్రమించి 1934లో భుజమును గూర్చియే ఒక గ్రంథము ప్రకటించెను. 1918లో టోక్యోలో టకాగీ అను వైద్యుడు మూత్రాశయమును చూచు గొట్టమును మృతదేహపు మోకాటిలోనికి చొప్పించి కీలు లోపలి భాగమును చూచెను. ఈనాడు పెన్సిలు మందము గొట్టముతో, నాలుగైదు చిన్న రంధ్రములతో భుజము కుట్టుట ఆ మార్గముననే వచ్చినది. ఎముకలో మేకులవంటి ఆధారములు దిగగొట్టి, వానికి గల దారములతో పట్టీని లాగి కట్టుదురు. రంధ్రములు చిన్నవి గదా, బాధయు చిన్నదే యనుకొనరాదు. లోపల జరుగు పని పెద్దది.

మొదటిసారి ఆసుపత్రి వారు ఇంటికి పంపుచు చేతిలో పెట్టిన సూచనల కాగితము అంతయు ఇంగ్లీషులో నుండెను. వ్యాయామము నేర్పిన యువకునకు హిందీ దప్ప రాదు. అనంతపురపు నర్సు ఒకామె ప్రక్కన కూర్చుండి ప్రతి వాక్యమును తెలుగున చెప్పినందువలన మేము బ్రదికితిమి. అప్పటినుండి మేము ఎవరు ఆసుపత్రికి పోవుచున్నను, వ్రాసుకొనుటకు ఒక పుస్తకము తీసికొని పొమ్మని చెప్పుచున్నాము. నొప్పి ఎట్లున్నది, సూదివలెనా, సలుపుగనా, మంటగనా అను సంగతి మాతృభాషలో ముందుగా వ్రాసికొనినచో, పరభాషలో చెప్పునప్పుడు తడబాటు తగ్గును.

మొదటి ఆరు వారములు చేయి జోలెలో నుండవలెను. ప్రక్కకు ఒరిగి పండుకొనరాదు; మా తాతగారి పడకకుర్చీలోనే రాత్రులు గడచినవి. చొక్కా తొడుగునప్పుడు కుట్టిన చేయి ముందు, విప్పునప్పుడు అది చివర. ఈ చిన్న మర్మము తెలిసిన దినము మాకు పండుగ. పంచె కట్టుట ఒంటిచేతి పని కాదు. అన్నము ఎడమచేత చెంచాతో తినుట అలవాటైనది గాని, గుడిలో తీర్థమునకు ఎడమచేయి చాపుట మనస్కరించలేదు; మా ఇంటివారు పట్టి ఇచ్చిరి. ఆ యేడు వార్షికోత్సవమున ఎడమచేత బహుమానము లిచ్చుట బాగుండదని మా పాఠశాల వంటామెగారిచేత ఇప్పించితిమి. పిల్లలు అంతకుముందెన్నడును అంతగా చప్పట్లు కొట్టలేదు.

నల్లబల్లపై మేము వ్రాయలేక, మేము చెప్పుచుండ పిల్లలచే వ్రాయించితిమి. ఐదవ తరగతి వారి అక్షరములు ఆ సంవత్సరము చక్కబడినవి. ఈ పద్ధతి ఇప్పటికిని మానలేదు.

ఆరు వారముల తరువాత వ్యాయామము. బల్లపై ఒక చేయి ఆనించి వంగి, రెండవ చేయిని చేదవలె వ్రేలాడనిచ్చి మెల్లగ ఊపవలెను. ఇది కాడ్‌మన్ పేరనే ప్రసిద్ధమైనది. తరువాత గిలక త్రాడు. మంచి చేయి లాగగా కుట్టిన చేయి లేచును. తరువాత గోడపై వ్రేళ్లతో ఎగబ్రాకుట. వారమువారము ఎంతవరకు అందితిమో మా పిల్లలు వరండా గోడపై సుద్దతో గీత గీసిరి. బరువు పనికి మూడు మాసములైనను ఆగవలెను. ఆటకు ఆరుమాసములు చాలని వారును గలరు, ఏడాది పట్టినవారును గలరు. రెండవసారి, మూడవసారి కుట్టినచోట మరింత ఆలస్యము.

2019లో ఏ దెబ్బయు తగులకుండ పట్టీ మరల విడెను. వైద్యుడు మేము దినదినము వ్రాసిన వ్యాయామపు పుస్తకమంతయు తిరుగవేసి, ఇందు మీ లోపమేమియు లేదు, వయస్సు మీరిన పట్టీ కొందరికి మరల అంటదు అని చెప్పెను. ఆ మాట ఓదార్పుగ తోచలేదు. దొంగ పట్టుబడినచో కోపమునకు చోటుండును. ఇచట ఎవరి మీద కోపగింతుము? పరామర్శకు వచ్చినవారు "ఈ వయస్సున ఆటలెందుకు?" అనిరి. కొందరు సచిన్ టెండూల్కరును తెచ్చిరి. ఆయనకు 2006లో భుజమునకు శస్త్రచికిత్స జరిగినది, 2010లో గ్వాలియరులో ఒకదినపు పందెమున రెండువందల పరుగులు తీసెను అను సంగతి సత్యమే. కాని ఆయనకు భుజము జీవనము. దానిని చూచుటకు నిపుణులు వెంటనుందురు. మాకు మూడవ పీరియడు లెక్కల తరగతి యుండెను.

ఆ రెండవ పర్యాయము నిజముగా భరింపరానిది నొప్పి కాదు. తెల్లవారి ఐదున్నర గంట. ముప్పది యేండ్లుగా ఆ వేళకు లేచు దేహము లేచుచునే యుండెను, పోవుటకు చోటు లేదు. ఇంటిలో ప్రతిదానికిని విసుగుకొనుట మొదలైనది. ఆటమిత్రులు అది గ్రహించి, ఒక బల్ల వేసి, మమ్ము పాయింట్లు వ్రాయుటకు కూర్చుండబెట్టిరి. మొదట అవమానముగ నుండెను. తరువాత పది దినములకు ఎవరి కాలు ఎచట తప్పుచున్నదో మాకు మునుపెన్నడును కనబడనంత స్పష్టముగ కనబడెను. శిక్షణ యిచ్చుట మేము ఆ బల్లవద్ద నేర్చితిమి. మీ బాలికల జట్టు ఆ బల్లవద్దనే పుట్టినది.

2023లో నిర్ణయము కష్టమైనది. కుట్టిన పట్టీ ఈసారి నిలిచినది గాని, భుజము ముందువైపున దండకండరపు టెండన్ చెడి రాత్రులు నిద్ర లేదు. వైద్యుని మూడు సంగతులడిగితిమి. చేయింపకున్నచో ఏమగును? చేయించినచో దేనికి మేలు, దేనికి కాదు? మరల ఆడగలమా? నొప్పి తగ్గుటకు మంచి అవకాశము కలదు, బలము కొంతవరకే, తలమీది దెబ్బ ఇక లేదు అని ఆయన నిష్కర్షగ చెప్పెను. ఇంటికి వచ్చి మా ఇంటివారిని నాలుగవ ప్రశ్న అడిగితిమి: మరల ఆరు వారములు నీవు భరింపగలవా? ఆమె వెంటనే ఉత్తరమీయలేదు. రెండు దినములకు, "నీవు రాత్రి మూలుగుచుండగా మేలుకొనుటకన్న అదియే నయము" అనినది. ఆ మాటపై చేయించితిమి.

ఇప్పుడు నిద్ర పట్టుచున్నది. చేయి చెవివరకు లేవదు, నల్లబల్ల మధ్యవరకు లేచును. వెనుక వరుస వదలి వల దగ్గర ఆడుచున్నాము. సర్వీసు నడుము క్రిందిది గనుక మునుపటివలెనే కొట్టుచున్నాము. యువకులకు అది ఇంకను కష్టముగనే యున్నది.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తుము. పదునొకండేండ్ల పిల్ల భుజము మా భుజము కాదు. పిల్లల పట్టీలు గట్టివి. వారిలో ఎముక పెరుగు చోటే మెత్తనిది. తలమీది దెబ్బలు మితిమీరినచో అచట నొప్పి వచ్చును. కనుక మన జట్టులో పిల్లకు భుజము నొప్పియన్న దినమున బ్యాటు ముట్టనీయము, ఒకే పిల్లను ఎల్లప్పుడు వెనుక వరుసలో నిలుపము, దేహము వేడెక్కించుకొనక ఆట మొదలుపెట్టనీయము. ఇంతకుమించి మేము హామీ యీయలేము. దెబ్బ తగులదని ఏ ఆటగురించియు చెప్పినవాడు అబద్ధమాడుచున్నాడు. పిల్ల మానినచో నష్టమేమియని అడుగుదురేమో. జట్టు వదలిన నలుగురిలో ఇద్దరు ఇప్పుడు బడి విడువగనే సెల్‌ఫోనుతో కూర్చుండుచున్నారని వారి తల్లులే మాకు చెప్పిరి. అది వారి కుటుంబ విషయము. మేము తీర్పు చెప్పము, కాని చెప్పకుండ ఉండలేము.

పెద్దలకు రెండు మాటలు. క్రిందపడిన తరువాత చేయి హఠాత్తుగ లేవకుండినచో మాసములు జరుపక చూపించుకొనుడు. ఆలస్యమైన కొలది కుట్టుట కష్టము. మెల్లమెల్లగ వచ్చిన నొప్పియైనచో భయపడి కత్తికి పరుగెత్తనక్కరలేదు. చాలమందికి సరియైన వ్యాయామముతోనే మేలగును. మధుమేహమున్నవారికి భుజము బిగుసుకొనుట ఎక్కువ, చక్కెర అదుపులో నుంచుడు. పొగ త్రాగువారికి కుట్టిన పట్టీ అంటుట ఆలస్యము. ఎడమ భుజపు నొప్పితో గుండె బరువు, చెమట కలిగినచో అది భుజపు వ్యాధి యని కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పొండు. భీమా గలవారు, లోపల పెట్టు ఆధారములకు అది వర్తించునో లేదో ముందే వ్రాతమూలముగ అడుగుడు.

వరండాలో మేము కట్టించుకొనిన గిలక త్రాడు ఇంకను అచటనే యున్నది. వైద్యుడు అనుమతించిన పోషకులెవరైనను సాయంకాలము నాలుగున్నర తరువాత వచ్చి వాడుకొనవచ్చును. తాళపుచెవి వంటామెగారి యొద్ద నుండును. బాలికల జట్టు సాధన వచ్చు సోమవారము ఉదయము ఆరున్నరకు మొదలగును. బ్యాట్లు పాఠశాలవే. నలుగురికి చోటు ఉంచితిమి.