తెగిన దృక్‌నాడి: ప్రేరక సంకేతముల అన్వేషణ చరిత్ర
(స్మారకోపన్యాసము)



ఎవరి స్మృతికై మనమిచట సమావేశమైతిమో ఆ ఆచార్యులవారు, ఏ ప్రయోగపత్రము చేతికందినను, ఫలితముల పట్టికను ప్రక్కనుంచి, చికిత్స పొందని జంతువులకేమి జరిగినదని ముందుగా విచారించెడివారు. శిష్యులకు విసుగు పుట్టించిన ఆ యలవాటే నేను చెప్పబోవు చరిత్రకు మూలసూత్రమగుటచేత, వారి యనంతరమా పీఠమున కూర్చున్న నాకు విషయమును ఎన్నుకొనుటలో సంకోచము కలుగలేదు.

కహాల్ మహాగ్రంథమును, టెల్లో అతుకు ప్రయోగములను, ఉభయచరముల కన్నులను తలక్రిందులుగా త్రిప్పి స్పెర్రీ నిరూపించిన సత్యములను ఈ సభకు మరల వినిపించుట చర్వితచర్వణము. 1980లలో మాంట్రియల్‌లో అగ్వాయో బృందము, తెగిన దృక్‌నాడికి బదులుగా కాలినాడి ఖండమును అతికినచో స్తన్యజీవుల నేత్రపటలకణములు సైతము మెదడు వరకు తంతువులను సాగించునని చూపగా, లోపము కణములది గాక పరిసరములదేయని పలువురు నిశ్చయించుకొనిరి. జూరిచ్‌లో ష్వాబ్ మైలిన్‌నందలి నిరోధకములను వెదకుటయు, 2000లో వానిలో నొకదానికి మూలమైన నోగో జన్యువు మూడు బృందములకు ఒక్కమారే చిక్కుటయు, 2003లో ఆ జన్యువు లోపించిన చిట్టెలుకలు మూడు ప్రయోగశాలలలో మూడు తీరుల ఫలితములనిచ్చుటయు నొక పెద్దకథ. దానిని ఇష్టపడువారు వేరే యున్నారు. నాకది నీరసముగా తోచును. అడ్డు తొలగినంతమాత్రమున నడకకు ఉత్సాహమెచటినుండి వచ్చునన్న ప్రశ్నకు అందు జవాబు లేదు.

నేను ఏండ్ల తరబడి పత్రములను తిరుగవేసిన కాలము 1996తో ఆరంభమగును. ఆ యేట ఇంగ్లండులో మార్టిన్ బెరీయు ఆయన సహచరులును ఎలుక కంటి కాచావత్ రసమున బాహ్యనాడీ ఖండమునుంచి, వెనుక తెగిన దృక్‌నాడిలో తంతువులు గాయమును దాటి పెరుగుటను గమనించిరి. ఖండమునుండి స్రవించు పోషకద్రవ్యములే హేతువని యెవరైనను తలంతురు. నాలుగేండ్లకు బోస్టన్‌లో బెనోవిట్జ్ బృందమును, జర్మనీలో ఫిషర్, పావ్లిడిస్, థానోస్‌లును వేర్వేరుగా ప్రకటించినదేమనగా, పోషకద్రవ్యమేదియు నీయకున్నను, కటకమునకు గాయమైనచో చాలును, కణములు మరణము నుండి కొంతవరకు తప్పించుకొని తంతువులను చాచును! సూది దారితప్పి చేసిన అపకారముగా లెక్కించి త్రోసిపుచ్చదగినదే ప్రధాన ఫలమైనది. మా ఆచార్యులవారి విచారణ ఇచట సార్థకము.

గాయపడిన కంటిలోనికి మాక్రోఫేజులను భక్షకకణములు వచ్చి చేరును. 2003లో బోస్టన్ వారు కటకమును ముట్టకయే, ఈస్టు కణకవచము నుండి తీసిన జైమోసాన్‌ను కంటిలోనికి పంపి ఆ కణములను రప్పించి, పూర్వముకంటె మిక్కుటమైన పెరుగుదలను సాధించిరి. 2006లో ఆ కణములు వెలువరించు సంకేతము పేరు తెలిసినది: ఆంకోమాడ్యులిన్. ఎలుకల కాలేయార్బుదమున మొదట కనుగొనబడి, కాల్షియమును పట్టియుంచు చిన్న ప్రోటీనుగా మాత్రమే పేరుపొందిన ఆ యణువు, కణములో సైక్లిక్ ఏఎంపీ హెచ్చియున్నపుడు నేత్రపటలకణమునకు వృద్ధిప్రేరకమగునని ఎవరూహించియుందురు?

ఇక తగవు. సంకేతమను ఉత్తరము కణములకు అందినదని బోస్టన్, ఫిషర్ పక్షములవారిరువురు నంగీకరించిరి, వ్రాసినవారెవరన్నదే వివాదము. ఫిషర్ పక్షము కటకమునందలి క్రిస్టలిన్‌లను ముందునకు తెచ్చి, 2007లో నేత్రపటలమందలి ఆస్ట్రోసైట్లు స్రవించు సీఎన్‌టీఎఫ్ అను పోషకప్రోటీనే నిజమైన ప్రేరకమని వాదించెను. 2009లో సీఎన్‌టీఎఫ్, ఎల్ఐఎఫ్ రెండును లేని చిట్టెలుకలలో ఆ ప్రభావము నశించినదని సాక్ష్యము జూపెను. సాక్ష్యము బలమైనదే, కాదనను. అయినను అదే యేట బోస్టన్ వారు ఆంకోమాడ్యులిన్ గ్రాహకమును చేరకుండ నిరోధించినంతనే పెరుగుదల చాలవరకు అణగిపోయెనని చూపిన సంగతిని, ఆ పక్షము వారి చరిత్రలను వ్రాయువారు ఒక్క వాక్యముతో దాటివేయుట నాకు క్షమార్హముగా తోచదు. శుద్ధమైన సీఎన్‌టీఎఫ్‌ను సూదితో నెక్కించిన స్వల్పఫలము, వైరస్ ద్వారా దాని జన్యువును పంపిన విశేషఫలము కలుగుటెట్లు? ఈ ప్రశ్న నడిగినపుడెల్ల మోతాదు, కాలావధి యను మాటలతో నన్ను సమాధానపరుపజూచిరి. 2021లో బోస్టన్ నుండి వెలువడిన పత్రము, ఆ జన్యుచికిత్స కంటిలోనికి రోగరక్షణకణములను పిలుచుచున్నదనియు, అవి స్రవించు సీసీఎల్5 అను సంకేతప్రోటీను ద్వారమున ఆ ఫలమందు పెక్కుభాగము సిద్ధించుచున్నదనియు తెలిపినపుడు నాకు కలిగిన సంతోషము చరిత్రకారునకు తగినది కాదేమో, కాని దానిని దాచుకొనజాలను. ఆస్ట్రోసైట్ల పాత్ర శూన్యమని నేననను. భక్షకకణములు రంగమున లేవనువారినే యొప్పుకొనను.

అధ్యక్షులవారు గడియారమువంక చూచుచున్నారు. కావున శేషము త్వరగా. 2008లో జిగాంగ్ హే బృందము పీటెన్ జన్యువును తొలగించి కణవృద్ధికి తోడ్పడు ఎంటార్ మార్గమును మేలుకొలిపినది. 2009లో సాక్స్3, కేఎల్ఎఫ్4 అను రెండు కళ్ళెములు తెలిసినవి. 2011లో పీటెన్, సాక్స్3లను జోడించి తొలగింపగా తంతువులు చాలకాలము పెరిగినవి. 2012లో జైమోసాన్, సైక్లిక్ ఏఎంపీ, పీటెన్ లోపము కలిసి తంతువులను మెదడు వరకు చేర్చినవన్నారు, అంత దూరమనుటను కొందరు శంకించిరి. 2016లో చేరిన తంతువులకు మైలిన్ లేక ప్రేరణలు సాగవని గ్రహించి, 4-అమైనోపిరిడిన్ అను ఔషధముతో చిట్టెలుకల చూపును కొంత మెరుగుపరచిరి. 2020లో, కణములను మూలకణస్థితికి మరల్చు యమనాక కారకములలో మూడింటిచేత ముసలితనపు కణములకు యౌవనలక్షణములు వచ్చి తంతువులు పెరిగినవని సింక్లెయర్ బృందము చెప్పినది. ఆ మూడింటిలో, పదునొకండేండ్ల క్రిందట వృద్ధినిరోధకమని నిందింపబడిన కేఎల్ఎఫ్4 యొకటి! ఈ వైరుధ్యమును విప్పుటకు నాకిచ్చిన సమయము చాలదు. అడుగదలచినవారికి బయట వరండాలో చెప్పెదను.