విశ్వవిద్యాలయ విద్య – విమర్శనాత్మక ఆలోచన

నాలుగేళ్ళు కళాశాలలో చదివిన విద్యార్థికి స్వయంగా ఆలోచించి ఒక సమస్యను పరిష్కరించే శక్తి అలవడుతోందా? ఈనాటి మన ప్రసంగాంశం ఇది.

ఒకసారి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం తరగతిలో ఒక ప్రశ్న వేశాను. "పల్లెల్లో లో వోల్టేజి వస్తే పంపుసెట్ల మోటార్లు కాలిపోతుంటాయి. ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా! మరి మోటారు ఎందుకు కాలుతుంది?" ఎవరూ పలకలేదు. వారిలో చాలామంది రైతుబిడ్డలు. కాలిన మోటారును రీవైండింగుకు మోసుకుపోయినవారు కూడా ఉన్నారు. ఇండక్షన్ మోటారు టార్కు వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవారే అందరూ.

ఇది ఆ ఒక్క తరగతి సంగతి కాదు. భారత్, చైనా, రష్యా, అమెరికా దేశాల్లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విద్యార్థులను వేల సంఖ్యలో పరీక్షించిన ఒక అధ్యయనం 2021లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో వెలువడింది. మన విద్యార్థులు మొదటి రెండేళ్ళలో పాఠ్యవిషయాల్లో ముందుకు సాగారు. విమర్శనాత్మక ఆలోచనలో మాత్రం నాలుగేళ్ళకూ ఎదుగుదల కనిపించలేదు. చైనా, రష్యాలలోనూ అంతే. అమెరికాలో ఎదుగుదల ఉంది. అంటే మనవారు చదవడం లేదని కాదు, చదువుతున్నారు. చదివినదాన్ని ప్రశ్నించే పని వారికి ఎవరూ అప్పగించడం లేదు.

దీనికి మూలం ప్రశ్నపత్రంలో ఉందని నా అభిప్రాయం. "నిర్వచింపుము", "వివరింపుము" అని అడిగినంతకాలం గైడు చాలు. (గైడు రాసేవారిని నిందించి లాభం లేదు; అడిగినదే వారు రాస్తున్నారు.) అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లోనే పరీక్షా సంస్కరణల విధానాన్ని ప్రకటించి, ప్రశ్నలు జ్ఞాపకశక్తిని దాటి విశ్లేషణను పరీక్షించాలని సూచించింది. అయితే అటువంటి జవాబును దిద్దడానికి 'కీ' సరిపోదు. దిద్దేవారికి తీరిక కావాలి, తోచినట్టు మార్కులు వేశారన్న అపవాదు వస్తే తట్టుకునే ధైర్యమూ కావాలి.

మళ్ళీ ఆ తరగతికి వస్తాను. కాసేపటికి వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, మోటారు స్టార్టయ్యేటప్పుడు కూడా కరెంటు ఎక్కువే లాగుతుంది కదా! అప్పుడు వేగం ఉండదు. అయితే వేగానికీ కరెంటుకూ సంబంధం ఉందా?" అని అడిగింది. అక్కడినుంచి వాళ్ళే బోర్డు మీద లెక్క వేశారు. వోల్టేజి 10 శాతం తగ్గితే టార్కు 19 శాతం పడిపోతుంది. ఎత్తవలసిన నీరు మాత్రం తగ్గదు. మోటారు మందగించి, ఎక్కువ కరెంటు లాగి, వైండింగు వేడెక్కుతుంది. ఇదంతా తేలడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆరోజు సిలబస్ ఒక్క పేజీ కూడా జరగలేదు. మరుసటి వారం ఆ సంగతికి నేను సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.