రెండో దారిలో మొదటి స్థానం

పట్టాలు అందుకుంటున్న మీకు, పొలం పనులు ఆపుకొని నాదెండ్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలకు ఈరోజు ఒక కథ చెప్పాలి.

అది టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా కథ. ఆరేళ్ళ వయసులో హైదరాబాద్‌లో రాకెట్ పట్టిన ఆ పిల్ల మొదట ఆడింది ఆవు పేడతో అలికిన కోర్టుల మీద. మన వాకిళ్ళకూ వాటికీ పెద్ద తేడా లేదు. 2005లో సొంత ఊళ్ళోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారతీయ మహిళ అయింది. 2007లో ప్రపంచ 27వ ర్యాంకుకు చేరింది. మన దేశపు మహిళల్లో ఇంకెవరూ అంత పైకి వెళ్ళలేదు.

ఆమె ఫోర్‌హ్యాండ్ బలమంతా మణికట్టులో ఉండేది. 2008లో ఆ మణికట్టుకే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మోకాళ్ళూ మొరాయించాయి. చివరికి 2013లో సింగిల్స్‌కు స్వస్తి చెప్పింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ తర్వాతి కథే. డబుల్స్‌లో కోర్టు సగమే కాయాలి, మోకాళ్ళకు ఆ మేరకు ఊరట. ఫోర్‌హ్యాండ్ పదును మాత్రం అలాగే ఉంది. ఉన్నదాన్ని లెక్క చూసుకొని, దాని మీదే మనసంతా పెట్టింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్. మార్టినా హింగిస్‌తో కలిసి ఆడుతూ ఆఖరి సెట్‌లో 2-5తో వెనకబడింది. 5-5కు తెచ్చేసరికి చీకటి పడింది. పైకప్పు మూసి, లైట్లు వేసి ఆట సాగించారు. 7-5తో గెలిచారు.

సానియాకు సింగిల్స్ చేజారినట్టే, కోరుకున్న సీటు చేజారి ఈ డిగ్రీలో చేరినవాళ్ళు మీలో ఉన్నారు. 'ఏదో ఒకటిలే' అనే మాట ఇక్కడితో వదిలేయండి. చేతికొచ్చిన పనిని సగం మనసుతో చేస్తే అదీ దక్కదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సానియాకు 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్ళీ కోర్టులోకి దిగి, హోబార్ట్ టోర్నీలో టైటిల్ గెలిచింది. 2023 దాకా ఆడింది. ఆమె వెనక మొదటినుంచీ తండ్రి ఇమ్రాన్ నిలబడ్డాడు. మీరూ నిలబడండి. ఇంటికెళ్ళాక మీ అమ్మాయిని 'తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావమ్మా' అని అడగండి. ఆ జవాబు పూర్తిగా విన్నాకే సంబంధాల మాట ఎత్తండి.