ఒక జగజ్జేత జీవితచరిత్ర

గొప్పవారి జీవితచరిత్రలకు సామగ్రి కొంత మిత్రుల వద్ద, కొంత శత్రువుల వద్ద దొరుకుతుంది. చెంఘిజ్ ఖాన్ విషయంలో శత్రువులలో చాలామంది రాయడానికి మిగలలేదు. మిత్రులలో చాలామందికి రాయడం రాదు. మంగోలు భాషకు లిపి కుదిరినదే ఆయన కాలంలో, అదీ ఉయ్‌గర్ల వద్ద అక్షరాలు తెచ్చుకొనిన తరువాత. కనుక ఆయనను గురించి ఏ పుస్తకం చేతికి వచ్చినా, రచయిత ఎవరి మాట విన్నాడు, ఎంతవరకు విన్నాడు అన్నది మొట్టమొదట చూడవలసి ఉంటుంది.

ఈ ప్రసంగంలో నేను పరిశీలించదలచినది 2004లో ఇంగ్లీషున వెలువడిన గ్రంథం. చెంఘిజ్ ఖానును, ఆధునిక ప్రపంచ నిర్మాణాన్ని ముడివేసి దానికి పేరు పెట్టినారు. రచయిత జాక్ వెదర్‌ఫర్డ్, అమెరికాలోని మకాలెస్టర్ కళాశాలలో మానవశాస్త్రం బోధించిన ఆచార్యుడు. పుస్తకానికి విశేషమైన పాఠకాదరణ లభించినది. 2007లో మంగోలియా ప్రభుత్వం ఆయనను ధ్రువనక్షత్ర పతకంతో సత్కరించినది. తమ మూలపురుషుని చరిత్ర రాసిన విదేశీయుని ఒక జాతి గౌరవించడం ముచ్చటైన సంగతే. విమర్శకుడు మాత్రం అటువంటి చోట కొంచెం మెలకువగా ఉండాలి.

తెలుగు పాఠకునికి ఈ కథ కొత్తది కాదు. తెన్నేటి సూరిగారి నవల పుణ్యమా అని తెమూజిన్ మనవారి ఇండ్లలో ఎప్పుడో పరిచితుడైనాడు. అయితే నవలాకారునికి ఒక స్వాతంత్ర్యం ఉన్నది. పాత్ర మనస్సులోకి తలుపు తట్టకుండానే ప్రవేశించవచ్చును. చరిత్రకారునికి ఆ హక్కు లేదు. వెదర్‌ఫర్డ్ ఈ గడపను ఎక్కడ దాటినాడో, ఎక్కడ దాటలేదో చూడడానికి ఒక్క ఘట్టం తీసుకొంటాను.

మంగోలుల స్వీయరచన అయిన 'రహస్య చరిత్ర' తన నాయకుని తప్పులను దాచిపెట్టలేదు. బాలుడు తెమూజిన్ కుక్కలకు జడిసేవాడని కన్నతండ్రి చేతనే చెప్పించినది. తండ్రి విషప్రయోగంతో మరణించినాడు. తెగవారు విధవను, పిల్లలను స్టెప్పీ మైదానంలో విడిచి వెళ్లిపోయినారు. ఆ ఆకలి రోజులలో సవతి అన్నదమ్ములు ఒక చేపను, అంతకుముందు ఒక పిట్టను లాగుకొన్నారన్న కోపంతో తెమూజిన్, తమ్ముడు ఖసార్ కలిసి, దిబ్బ మీద గుర్రాలు కాచుకొంటున్న బెఖ్తెర్‌ను ముందు నుండి ఒకరు, వెనుక నుండి ఒకరు బాణాలతో కొట్టి చంపినారు. ఇంటికి వచ్చిన కొడుకుల ముఖం చూడగానే తల్లి హోలున్ గ్రహించినది. ఆమె తిట్టిన తిట్లు 'రహస్య చరిత్ర'లో పెద్ద పద్యమంత ఉన్నవి. అడవిలో ఉన్న క్రూరమృగాలన్నిటితోనూ కొడుకును పోల్చినది.

వెదర్‌ఫర్డ్ దీనికి ఒక కారణం ఊహించినాడు. మంగోలుల ఆచారంలో తండ్రి పోయిన తరువాత, మరొక భార్యకు పుట్టిన పెద్ద కొడుకు సవతి తల్లిని పెండ్లాడి ఇంటికి యజమాని కావచ్చును. బెఖ్తెర్ ఆ స్థానానికి వస్తాడన్న భయమే హత్యకు మూలమట. మానవశాస్త్రం చదివినవాడు గనుక ఈ సూత్రం ఆయనకు తట్టినది, తెలివైన ఊహ. అయినా ఊహే. మూలంలో చేప ఉన్నది, పిట్ట ఉన్నది, ఆకలి ఉన్నది. ఈ సంగతి లేదు. ఊహ అని ఒక్కమాట గట్టిగా చెప్పి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కథనంలో అది సాక్ష్యంతో సమానంగా కలిసిపోయి, పదమూడు పద్నాలుగేండ్ల పిల్లవాని పాపం రాజనీతిగా మారిపోతున్నది. కన్నతల్లి క్షమించని చోట గ్రంథకర్త క్షమించినట్లయినది.

ఆయన గుణం చెప్పకపోతే అన్యాయమవుతుంది. సోవియెట్ ప్రాబల్యం నడిచినన్నాళ్లు మంగోలియాలో ఈ పేరు ఎత్తడమే ప్రమాదం. 1962లో ఎనిమిదివందలవ జయంతికి స్మారకం నిలిపినందుకు తొమర్-ఒచిర్ అనే నాయకుడు పదవి పోగొట్టుకొన్నాడు. ఆ నిషేధం తొలగిన తరువాత వెదర్‌ఫర్డ్ అక్కడి పండితులతో కలిసి, 'రహస్య చరిత్ర'లో పేర్కొన్న నదులను, కొండలను స్వయంగా తిరిగి చూసినాడు. ఆ శ్రమ ఫలితం మొదటి భాగంలో ప్రతి పుటలోను తెలుస్తుంది. గాలి, గడ్డి, గుర్రం తెలిసినవాడు రాసిన చరిత్ర అది. భార్య బోర్తెను మెర్కిట్లు ఎత్తుకొనిపోవడం, ప్రాణమిత్రుడు జముఖా క్రమంగా శత్రువు కావడం, 1206లో ఓనన్ నది తలాపున తెగలన్నీ కూడి ఆయనను ఖానుగా ప్రకటించడం ఇంత చక్కగా చెప్పిన గ్రంథాలు తక్కువ.

చిక్కంతా 1219 తరువాత. ఓత్రార్ నగరాధిపతి మంగోలుల వర్తక బృందాన్ని చంపించినాడు, ఖ్వారజమ్ సామ్రాజ్యం మీదికి దండు కదిలినది. బుఖారా, సమర్‌ఖండ్, మెర్వు, నిషాపూరు వరుసగా కూలినవి. మెర్వులో ఒక పెద్దమనిషి పదమూడు రోజులు శవాలను లెక్కించగా 13 లక్షలు దాటినవని జువైనీ రాసినాడు. ఇది అసంభవమనీ, ఆ నగరాల జనసంఖ్యే అందులో పదో వంతు మించదనీ, తమ పేరు వింటేనే కోటలు తెరుచుకోవాలని మంగోలులే ఇటువంటి వార్తలను ప్రోత్సహించినారనీ వెదర్‌ఫర్డ్ వాదం. వాదం సబబే. 13 లక్షల అంకెను నేనూ నమ్మను.

కాని పదో వంతు అంటే 1,30,000. అంకె తగ్గించగానే బరువు తగ్గినదనిపించడం ఈ గ్రంథంలోని ప్రమాదకరమైన మెత్తదనం. పైగా సాక్షులు ఎవరో చూడండి. జువైనీ మంగోలుల కొలువులోనే ఉండి, 1259 నుండి బాగ్దాదును పాలించినవాడు. యజమానులను నిందించవలసిన అవసరం ఆయనకు లేదు. జూజ్జానీ వారి దండయాత్రను తప్పించుకొని మన దేశానికి వచ్చి, ఢిల్లీ సుల్తానుల ఆశ్రయంలో 1260లో చరిత్ర ముగించినవాడు. వారిని కీర్తించవలసిన అవసరం ఈయనకు లేదు. లోపలివాడు, బయటివాడు ఇద్దరూ ఒకే భయంకర దృశ్యాన్ని చూపినప్పుడు, లెక్క కొట్టివేయవచ్చును గాని దృశ్యాన్ని కొట్టివేయరాదు. నిషాపూరులో చేతిపని తెలిసిన 400 మందిని మాత్రం విడిచి తీసుకొనిపోయినారని జువైనీ అంటాడు. మిగిలినవారికి చేతిపని రాకపోవడమే నేరమైనది.

చివరి భాగాన్ని గురించి క్లుప్తంగా చెబుతాను. చెంఘిజ్ ఖాన్ 1227లో టంగుటుల మీద దండయాత్రలో ఉండగా మరణించినాడు. గ్రంథంలో చాలా భాగం ఆ తరువాతి కథ: మనుమడు కుబ్లయి, కాగితపు నాణెం, తపాలా మజిలీలు, ఇటలీలో జొట్టో చిత్రాలలోని తూర్పు వస్త్రాలు. చదవడానికి రమ్యంగా ఉంటుంది. అయితే మనుమడు నాటిన చెట్టు కాయలన్నీ తాత బుట్టలో వేయడం లెక్క ప్రకారం కుదరదు. అచ్చు విద్య మంగోలుల దారినే యూరపు చేరినదనడానికి పత్రసాక్ష్యం ఇంతవరకు లేదు. వర్తక మార్గాలు సురక్షితమైనది నిజం. ఆ మార్గాల వెంటనే మహమ్మారి కూడా పయనించినదని వెదర్‌ఫర్డ్ దాచకుండా చెప్పడం మెచ్చదగినది.

నిదానంగా సాక్ష్యాలు తూచే రచన కావలసినవారికి పాల్ రాచ్‌నెవ్‌స్కీ గ్రంథం ఉన్నది. 1983లో జర్మనులో, 1991లో ఇంగ్లీషులో వచ్చినది. దానిలో గుర్రపు డెక్కల చప్పుడు వినిపించదు, కాని ప్రతి వాక్యం కింద నేల ఉన్నది. 'రహస్య చరిత్ర'కు ఈగర్ ద రాఖెవిల్ట్స్ విపుల వ్యాఖ్యతో చేసిన అనువాదం కూడా 2004లోనే వెలువడినది. వెదర్‌ఫర్డ్ గ్రంథాన్ని చదవవద్దని నేను అనను. ఇంటిల్లిపాదీ చదవదగినంత సరసంగా ఉన్నది. చదివేవారు మాత్రం ముందుగా ఆ అనువాదంలో 76 నుండి 78 వరకు ఉన్న మూడు ఖండికలు, హోలున్ మాటలతో సహా, చదివి పెట్టుకొని ఆ తరువాత ఇది తెరువవలసినది.